జానెడున్నర తేడా

పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగిన తర్వాత, రెండో కాఫీకి ముందు, నేను రిజిస్టరు తెరిచేవాణ్ణి. ఆ వేళకు అమెరికాలో రాత్రి. అక్కడి మైదానాల్లో దీపాల కింద ఎవరెవరో బంతి వేస్తూ ఉంటారు. వాళ్ళను నేను ఎన్నడూ చూడలేదు. చూడాలన్న కోరికా కలగలేదు. నాకు కావలసింది వాళ్ళ అంకెలు మాత్రమే.

బహుశా అది వృత్తి నేర్పిన గుణం. ముప్పై నాలుగేళ్ళు బొగ్గుగనిలో సర్వేయరుగా పనిచేశాను. భూమి అడుగున రెండు దిక్కుల నుంచి తవ్వుకుంటూ వచ్చే రెండు దారులు ఏ చోట కలుసుకోవాలో కాగితం మీద చెప్పడం నా పని. ఇటు తవ్వేవాడికి అటువైపు వాడు కనిపించడు. మధ్యలో ఉన్నది బొగ్గు, నా అంకెలు. "అచ్యుతరావు సార్ గీత గీసిండంటే అవతలోని దీపం కనవడుడే" అని గనిలో ఒక మాట ఉండేది. ఎవరైనా అంటే చేతితో తోసిపుచ్చేవాణ్ణి. కానీ దాన్ని పారేయలేదు. ఉద్యోగ విరమణ రోజు వేసిన శాలువా ఎక్కడుందో నాకు తెలియదు. ఆ మాట మాత్రం ఎక్కడ దాచుకున్నానో నాకు బాగా తెలుసు.

ఈ ఆటలోకి మమ్మల్ని దింపినది డెబోరా. మా వీధి చివర బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని. గోదావరిఖనిలో ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పుతుంది. తల్లిదండ్రులేమో దాన్ని వంకర క్రికెట్ అనుకుంటారు. పెద్దవాళ్ళకు ముందు ఆట అర్థమైతే పిల్లలను పంపుతారని ఆమె ఆశ. అందుకని మార్చి నెలలో ఏడుగురిని పోగుచేసి ఒక ఊహల లీగు పెట్టింది. అమెరికా పెద్ద లీగులో బంతి వేసేవాళ్ళను పిచర్లంటారు. మాలో ఒక్కొక్కరూ ఐదుగురు పిచర్లను ఎంచుకోవాలి. ప్రతి వారం ఎవరిని ఆడించాలో, ఎవరిని కూర్చోబెట్టాలో ముందే చెప్పాలి. ఆడించినవాళ్ళు అక్కడ నిజంగా ఏం చేస్తే అది ఇక్కడ మన లెక్కలోకి వస్తుంది. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎవరి జట్టు తక్కువ పరుగులిస్తుందో వారు గెలిచినట్టు. షరతు ఒక్కటే: సెప్టెంబరు చివరికి జట్టు మొత్తం ఏడు వందల ఇన్నింగ్స్ వేసి ఉండాలి. లేకపోతే మంచి సగటు రాగానే అందరినీ కూర్చోబెట్టి దాక్కుంటారని డెబోరా అనుమానం.

గెలిచినవారికి బహుమతి ఏమిటంటే, దసరా తర్వాత జరిగే జిల్లా బాలికల టోర్నమెంటులో అందరి ముందు తొలి బంతి వేయడం.

ఆ బంతి మీద సదయ్యకు మొదటి రోజే మనసు పడింది.

సదయ్య నా స్నేహితుడు. గనిలో షాట్‌ఫైరర్‌గా చేశాడు. బొగ్గు గోడకు రంధ్రాలు తొలిచి, మందు కూరి పేల్చడం ఆయన పని. మనవరాలు విద్య డెబోరా జట్టులో పిచర్. ఒకనాడు మ్యాచ్ చూడటానికి వెళ్ళి, ఆ పిల్ల బంతి వేస్తుంటే గట్టున నిలబడి "సిక్సు కొట్టు బిడ్డా!" అని అరిచాడట. విద్య రెండు రోజులు తాతతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయన లీగులో చేరాడు.

లెక్కలు ఎలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, "ఫోన్ల యాప్ ఉంటది కాకా, అదే ఏస్తది," అంది డెబోరా.

"ఫోను రేపు ఇంకోటి చెప్తది. దాన్ని నిలబెట్టి అడుగుతమా?" అన్నాడు సదయ్య. "సార్ రాయనీ. సార్ రాస్తే నేను కొట్లాడ."

అలా రిజిస్టరు నాది అయింది. ఏడుగురి పిచర్లు, ముప్పై ఐదుమంది. ప్రతి ఉదయం డెబోరా ఫోనులోకి పంపే స్కోర్లు చూసి రాసేవాణ్ణి. ఐదు పాయింట్ రెండు అని ఉంటే ఐదు ఇన్నింగ్స్, రెండు బంతులు. ఓవరుకు ఆరు బంతులని తెలియనివాడు ఈ దేశంలో ఉంటాడా? కాబట్టి ఆరింట రెండు. ఆ స్కోర్ల పక్కనే సగటు కూడా ఇచ్చి ఉంటుంది. దాన్ని నేను చూసేవాణ్ణి కాదు. ఇంకొకరు తేల్చిన జవాబును ఎత్తిరాయడం నా పద్ధతి కాదు.

సదయ్యకు తన పిచర్ల పేర్లకు నోరు తిరగలేదు. ఫోటోలు చూసి తానే పేర్లు పెట్టుకున్నాడు. ఒకాయన మీసాలాయన. ఒకాయన ఎడమోడు. మాటిమాటికీ నుదురు తుడుచుకునేవాడు ఫికర్ సాబ్. బాగా లావుగా ఉన్నవాడు బొద్దాయన. ఐదోవాడు జల్ది. రోజూ పదింటికి మా ఇంటి అరుగు మీదకు వచ్చి, "అమ్మా, చాయ్ ఉన్నదా? మా ఫికర్ సాబ్ డ్యూటీ ఎట్ల చేసిండట?" అని నా భార్య చంద్రమతిని అడిగేవాడు.

"ఆయన బాగానే చేశాడు. మీ బొద్దాయనకే మళ్ళీ ఆయాసం," అనేది చంద్రమతి. ఆమె ఈ ఆటలో లేదు గాని, ఏడు జట్ల సంగతీ ఆమెకే బాగా తెలుసు.

"బొద్దాయన్ను ఏమనకుండ్రి. బరువున్నోడు గట్లనే మెల్లగ అందుకుంటడు."

"అందుకునేలోపు అవతలివాళ్ళు ఇల్లు చేరుతున్నారు సదయ్యా," అనేవాణ్ణి నేను.

"మీ వాళ్ళు మంచోళ్ళే సార్. ఆరంటే ఆరు, ఏడంటే ఏడు ఏసి దిగుతరు. గడియారం పెట్టుకోని ఆడ్తరేమో."

నిజమే. నేను గుండ్రని అంకెలున్నవాళ్ళను ఎంచుకున్నాను. ఇన్నింగ్స్ మధ్యలో దిగిపోయేవాళ్ళు నాకు నచ్చరు. సదయ్య మనుషులు దాదాపు అందరూ మధ్యలోనే దిగేవాళ్ళు. ఆయన వాటాకు పాయింట్ ఒకటి, పాయింట్ రెండు లేని వారం ఉండేది కాదు.

సెప్టెంబరు ఆఖరి వారానికి మిగిలినవాళ్ళు వెనకబడ్డారు. ముందు సదయ్య, ఆయన వెనుక నేను. రిజిస్టరు ప్రకారం ఆయన సగటు మూడు పాయింట్ నలభై ఎనిమిది, నాది యాభై మూడు. నా వాళ్ళు ఎప్పుడో ఏడు వందలు దాటారు. సదయ్య మొత్తం ఆరు వందల తొంభై నాలుగు.

"ఇంకా ఆరు తక్కువ," అని చెప్పాను.

సదయ్య గ్లాసు కింద పెట్టాడు. "అందర్నీ కూసోపెడ్దామనుకున్న సార్. గెలిచి ఉన్నప్పుడు ఎందుకు ఆడించాలె?"

"కూర్చోబెడితే అసలు లెక్కలోకే రావు."

"మల్లొకసారి సూస్తరా?"

"చూశాను. ఆరు."

ఆయన గ్లాసు ఎత్తి చాయ్ తాగేశాడు. ఫికర్ సాబ్‌ను ఆడించాడు. అతను ఐదు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగిచ్చాడు. ఇంకొకటి కావాలి. ఆఖరి రోజు ఆడటానికి మిగిలినవాడు బొద్దాయన ఒక్కడే. బొద్దాయన రెండు ఇన్నింగ్స్‌లో ఏడు పరుగులిచ్చాడు. సదయ్య సగటు మూడు పాయింట్ యాభై నాలుగైంది.

నేను గెలిచాను. పరుగులో వందో వంతు తేడాతో.

ఆ ఉదయం సదయ్య చాయ్ తాగి, నా చేయి పట్టుకొని ఊపి, "ఏం జేస్తం సార్, బొద్దాయనకు మోకాళ్ళ నొప్పులున్నట్టున్నయి," అని వెళ్ళిపోయాడు. నెల రోజులుగా ఆయన తమ పెరటి గోడకేసి బత్తాయి విసురుతూ సాధన చేస్తున్నాడని నాకు తర్వాత తెలిసింది. తొలిచే యంత్రం ఏళ్ళ తరబడి అదిరించిన ఆ కుడి భుజం చెవి దాటి పైకి లేవదు.

వారం తర్వాత, సెలవుల్లో కూడా పిల్లలు సాధన చేస్తున్నారంటే, నేను వేయబోయే బంతి ఎంత బరువుంటుందో చూద్దామని మైదానానికి వెళ్ళాను. విద్య బంతి వేస్తోంది. ఊరికే నిలబడలేని అలవాటు కొద్దీ బంతులు లెక్కపెడుతున్నాను. అప్పటికే మూడు ఇన్నింగ్స్ ముగించింది. నాలుగోదానిలో పదకొండు బంతులు వేసి ఇద్దరిని ఔట్ చేసింది. డెబోరా ఆమెను దించి ఇంకొక అమ్మాయికి బంతినిచ్చింది. స్కోరు పుస్తకంలో విద్య పేరు ఎదుట మూడు పాయింట్ రెండు అని రాసింది.

"పదకొండు బంతులు వేసింది కదమ్మా?" అన్నాను.

"బంతులతోని ఏం పని అంకుల్? ముగ్గురు ఔటైతే ఒక ఇన్నింగ్స్. ఇద్దర్ని తీసింది. పాయింట్ టూ." పుస్తకం మూసి పిల్లల వైపు పరుగెత్తింది.

నేను అక్కడే నిలబడ్డాను. మూడింట రెండు. ఆరింట రెండు కాదు.

ఆరు నెలలు, వేలకొద్దీ అంకెలు. ఎక్కడా ఒక్కసారి పాయింట్ మూడు రాలేదు. నాలుగు రాలేదు, ఐదు రాలేదు. బంతులే అయితే అవి రావాలి కదా. రానిదాన్ని నేను చూడలేదు. ఎప్పుడో ఒకసారి జరిగే తప్పు కంటికి తగులుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా నడిచిన తప్పు క్రమశిక్షణలాగే ఉంటుంది.

ఇంటికి వచ్చి చంద్రమతిని అంకెలు చదవమని, మళ్ళీ మొదటి పేజీ నుంచి లెక్క కూడాను. మధ్యాహ్నం భోజనం నాలుగింటికైంది. తేలినదేమిటంటే, ఆఖరి వారానికి ముందే సదయ్య జట్టు ఏడు వందల పద్నాలుగు ఇన్నింగ్స్ వేసి ఉంది. బొద్దాయన ఆడనవసరమే లేదు. ఆడి ఏడు పరుగులిచ్చినా కూడా, సరైన లెక్కలో సదయ్య సగటు మూడు పాయింట్ నలభై ఐదు. నాది నలభై తొమ్మిది. ఏ లెక్కన చూసినా ఆయనే గెలిచాడు.

"ఇప్పుడేం చేస్తారు?" అంది చంద్రమతి.

"నా బదులు సదయ్యను వేయమంటాను. కీళ్ళ నొప్పులని చెబుతాను. బంతి ఆయనకు చేరుతుంది. గొడవ ఉండదు."

ఆమె రిజిస్టరు మూసింది. "ఇవ్వడం వేరు, తిరిగి ఇవ్వడం వేరు కదండీ," అని మాత్రం అని, అన్నం వడ్డించడానికి వెళ్ళింది.

ఆ మాటలో ఉన్నది నాకు అర్థం కాకపోలేదు. నేను ఎంచుకున్న దారిలో నా తప్పు కప్పబడటమే కాదు, నాకు పెద్దమనసన్న పేరు కూడా వస్తుంది. ఆయనదాన్ని ఆయనకే దానం చేసి, దండం పెట్టించుకోవడం. పుస్తకాల్లో ఇటువంటివాళ్ళ గురించి చదివినప్పుడు పెన్సిలుతో గీతలు గీసుకున్నాను. మార్జిన్‌లో "నిజం" అని కూడా రాసుకున్నాను.

అయినా మర్నాడు పదింటికి సదయ్య అరుగెక్కగానే నా నోటి నుంచి వచ్చినవి ఆ కీళ్ళ నొప్పులే.

"తొలి బంతి నువ్వు వెయ్యి సదయ్యా. నాకు ఓపిక లేదు."

సదయ్య నా ముఖంలోకి చూశాడు. "నిన్న గ్రౌండు దాక నడుసుకుంట పోయిండ్రట గదా. విద్య చెప్పింది."

"అది వేరు."

"ఏం వేరు లేదు సార్. గెలిచినోడే ఎయ్యాలె. అడుక్కున్న బంతి ఏస్తే నా మనవరాలు మల్ల రెండు దినాలు మాట్లాడది."

లోపలి నుంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చంద్రమతి వింటోంది.

నేను రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఓవరు, ఇన్నింగ్స్, ఆరు, మూడు, అన్నీ చెప్పాను. ఏడు వందల పద్నాలుగు చెప్పాను. ఆ రోజు మళ్ళీ చూడమన్నావు, చూడకుండానే చూశానన్నాను, అని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ నా గొంతు ఎవరిదో విచారణ నివేదిక చదువుతున్నట్టు వినిపించింది. మాట పూర్తయ్యాక తలెత్తి చూస్తే, సదయ్య భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు.

"గింతేనా సార్? నేను ఇంకేందో అనుకొని గుండె పట్టుకున్న."

"నవ్వే సంగతి కాదు. నా లెక్క ఎప్పుడూ..."

"తప్పలేదంటరు. గంతేనా?" పైపంచతో కళ్ళు తుడుచుకున్నాడు. "మూడో లెవెల్ కలిపింది యాదికున్నదా?"

ఎందుకు లేదు! నేను ఈ గనికి వచ్చిన రెండో ఏడు. రెండు వందల మీటర్ల దూరం నుంచి ఎదురెదురుగా తవ్వుకొచ్చిన దారులు నా గీత మీద కలిశాయి. దీపం మాట పుట్టింది ఆ రోజే.

"ఆఖరి షాటు పేల్చింది నేనే," అన్నాడు సదయ్య. "పొగ పోయినంక అవతలోళ్ళ దీపం కనవడ్డది. మంచిగనే కనవడ్డది. గాని వాళ్ళ గోడ అటు, మా గోడ ఇటు. జానెడున్నర."

"ఏమిటి?"

"జానెడున్నర తేడా సార్. నేనూ, నా జోడి కొమురెల్లీ గడ్డపారలు పట్టుకోని, షిఫ్టు అయిపోయేదాక రెండు దిక్కుల చెక్కినం. మీరు తెల్లారి దిగేవరకు సాఫుగ అద్దం లెక్క జేసిపెట్టినం."

అంత తేడా వల్ల ప్రమాదమేమీ లేదు. పట్టించుకోదగిన దోషం కూడా కాదు. కానీ మర్నాడు నేను దిగినప్పుడు గోడలు ఒకే వరుసలో కనిపించాయి. చూశాను. కొలవలేదు. ప్లాను మీద "తేడా లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఒక్క క్షణం నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నాదనుకుంటున్నది ఇద్దరు మనుషుల గడ్డపారలదని తెలిస్తే ఎవరికైనా వస్తుందేమో.

"ఎందుకు చేశారు?"

"కొత్తగొచ్చిండ్రు. సన్నగ, బెదురుగ ఉండేటోళ్ళు. మా పక్కన బొగ్గు మీద కూసోని మా సద్దిల చెయ్యి పెట్టిన ఆఫీసరు మీరొక్కరే. మిమ్మల్ని జూసి ఎవడన్న నవ్వుతే మాకు మంచిగుంటదా?"

"చెప్పనైనా చెప్పలేదే!"

"చెప్తే నిద్రపోదురా? ముప్పై ఏండ్లు మంచిగ నిద్రపోయిండ్రు గదా." చాయ్ గ్లాసు అందుకున్నాడు. "కొమురెల్లి పోయేముందు దవాఖానల కూడ అన్నడు, అరేయ్, సార్‌కు చెప్పకురా అని. వాని మాట ఇయ్యాల తప్పిన. తప్పు మీద తప్పు, సమానం."

చంద్రమతి గుమ్మంలోకి వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, పెదవుల మీద నవ్వుంది. "సదయ్యా, ఇంకో చాయ్?"

"పెట్టుండ్రి అమ్మా. గెలిచినోని చాయ్. చక్కెర ఎక్కువెయ్యుండ్రి."

ఆ మధ్యాహ్నం రిజిస్టరు చివరి పేజీలో తప్పేమిటో, ఎవరిదో, ఎంతకాలం నడిచిందో రాసి సంతకం పెట్టాను. డెబోరా అది చదివి, "అయ్యో, నేను మొదట్లనే చెప్పాల్సింది అంకుల్," అంది. చెప్పినా వినేవాణ్ణి కానేమో. తర్వాత సామాన్ల కొట్లోంచి పాత ప్లాను నకలు తీశాను. "తేడా లేదు" అన్న చోట గీత కొట్టి, "జానెడున్నర. సరిచేసినవారు: సదయ్య, కొమురెల్లి" అని పెన్సిలుతో రాశాను. ఎవరూ చూడరు. నాకు కావలసి రాశాను.

టోర్నమెంటు ఉదయం డెబోరా నన్ను పిచర్ నిలబడే చోటు కొలిచి పెట్టమంది. నా టేపు తీసుకెళ్ళాను. నలభై మూడడుగులు. ఒకసారి కొలిచి, గూటం కొట్టబోయి, ఆగాను. గట్టున ఇస్త్రీ చొక్కా వేసుకొని నిలబడి ఉన్న సదయ్యను పిలిచాను.

"అవతలి కొస పట్టుకో. ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి కొలుద్దాం."

"ఇది మంచిగున్నది," అన్నాడు, మోకాలి మీద కూర్చుంటూ. "ముప్పై ఏండ్ల కింద పిలిస్తే గడ్డపార తప్పేది."

రెండు వైపుల నుంచీ నలభై మూడే వచ్చింది.

తర్వాత పిల్లలు వరుసగా నిలబడ్డారు. రామగిరి నుంచి, మంథని నుంచి వచ్చిన జట్లు కూడా చప్పట్లు కొట్టాయి. అవతల విద్య చేతికి తోలు తొడుగు వేసుకొని, బంతి పట్టడానికి కూర్చుంది. సదయ్య బంతిని చొక్కాకు తుడిచాడు, ఫికర్ సాబ్‌లాగా నుదురు తుడుచుకున్నాడు. చెవి దాకా లేచిన చెయ్యి అక్కడి నుంచి ఇక లేవలేదు. బంతి ఒంగి, బద్ధకంగా వెళ్ళి, విద్య తొడుగుకు కొంచెం ముందు నేల మీద పడి ఆగింది.

విద్య ఒక అడుగు ముందుకు జరిగి దాన్ని తీసుకుంది. "స్ట్రైక్ తాతా!" అని, గురి తప్పని బంతికి అరిచినట్టే అరిచింది.

సదయ్య బంతి పడిన చోటును, విద్య కూర్చున్న చోటును కాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, మైదానమంతా వినేటట్టు అన్నాడు:

"సార్! గ్రౌండు జానెడున్నర ఎక్కువైనట్టున్నది!"

నేను టేపు చుట్టడం ఆపి, మళ్ళీ కొలవడానికి వెళ్ళాను.